అన్నా, పదివేలతో క్రిప్టో మొదలుపెట్టొచ్చా?

పోయిన ఆదివారం పొద్దున ఏడింటికి ఫోను మోగింది. చూస్తే మా చిన్నమ్మ రెండో కొడుకు. బీటెక్ అయ్యి ఏడాది దాటింది, పత్తికొండలో ఇంటిపట్టునే ఉన్నాడు. ఆదివారం పూట వాడు ఏడింటికి లేచాడంటే ఏదో ఉపద్రవమే అనుకున్నా.

"అన్నా, నా కాడ పదివేలుండాయి. క్రిప్టోలో పార్ట్ టైం ట్రేడింగ్ చేద్దామనుకుంటుండా. రోజుకు ఐదునూర్లొచ్చినా చాలు. యాడ మొదలుపెట్టాల్నో చెప్పు. నువ్వు సాఫ్ట్‌వేర్ గదా, నీకు తెలుస్తాది."

మన సీమలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరంటే ప్రింటరు రిపేరు దగ్గర్నుంచి అమెరికా వీసా దాకా అన్నీ తెలిసినవాడని లెక్క. ఆ గౌరవాన్ని ఎందుకు పోగొట్టుకోవాలని చాలాసార్లు తెలిసినట్టే నటించాను. ఈసారి మాత్రం "వద్దురా" అన్నా.

"మరి నువ్వు చేసినావు గదన్నా?"

నిజమే, చేశాను. ఫోన్లో సమాధానం దొరకలేదు. సాయంత్రం చెప్తాలే అని పెట్టేశాను. ఆ సమాధానమే ఈ టపా. వాడి ఒక్కడికే రాయొచ్చు గానీ, ఇదే ప్రశ్న ఆళ్ళగడ్డ నుంచి, ఆదోని నుంచి, యర్రగుంట్ల నుంచి ఓ డజను మంది అడిగుంటారు. అందరూ పాతికేళ్ళ లోపు వాళ్ళే. అందరి చేతిలోనూ ఉన్నది ఐదువేలో పదివేలో.

ముందే చెప్పేస్తున్నా... ఇది బ్లాక్‌చెయిన్ మీద యుద్ధం కాదు. ఆ టెక్నాలజీ గురించి వాదించుకోవాలంటే వేరే టపాలో వాదించుకుందాం. నా గొడవంతా ఒక్క వాక్యం మీదే: "తక్కువ డబ్బుతో, ఖాళీ టైములో ట్రేడింగ్ చేసి నాలుగు రాళ్ళు సంపాదించుకోవచ్చు." ఈ వాక్యం అబద్ధం. అది కూడా డబ్బులేనివాడి కోసమే ప్రత్యేకంగా తయారుచేసిన అబద్ధం.

ముందు నా భాగోతం

2021లో వర్క్ ఫ్రం హోం నడుస్తోంది. ఉద్యోగం కొత్త, జీతం కొత్త, పొగరు కూడా కొత్తే. పదిహేను వేలు పెట్టి నాలుగు రకాల కాయిన్లు కొన్నాను. ఎందుకవే కొన్నానంటే చెప్పలేను. ఒకదాని మీద కుక్క బొమ్మ బాగుంది, అంతే. దీపావళి నాటికి అది నలభై వేలు దాటింది. పండక్కి ఇంటికెళ్ళి ఫోను తీసి అందరికీ చూపించా. మామకు చూపించా, పక్కింటాయనకు చూపించా. జేజికి కూడా చూపించా. ఆమె "అవి యాడుండాయి నాయనా, బ్యాంకులోనా?" అని అడిగింది. మొత్తం సభలో తెలివైన ప్రశ్న అదొక్కటే. అప్పుడు అందరం నవ్వేశాం.

ఆ రోజు నవ్వకుండా, శ్రద్ధగా విన్నవాడు ఒకడున్నాడు. చిన్నమ్మ పెద్దకొడుకు. ప్రొద్దుటూరులో ఒక బంగారు కొట్లో లెక్కలు రాసే పని. 2022 ఏప్రిల్‌లో వాడు చిన్నమ్మ పొదుపు సంఘంలో తీసుకున్న అప్పులోంచి అరవై వేలు తీసి లూనా అనే కాయిన్‌లో పెట్టాడు. నన్ను అడిగాడు కూడా. "బాగానే ఉన్నట్టుంది" అన్నాను నేను, మీటింగులో ఉండి, సరిగ్గా వినకుండా.

తర్వాత జరిగింది ప్రపంచమంతా చూసింది. 2022 మే మొదటి వారంలో 80 డాలర్ల దగ్గర ఉన్న లూనా, రెండు వారాలు తిరక్కుండానే సున్నా, సున్నా పక్కన చుక్క, చుక్క పక్కన మళ్ళీ సున్నాలు అయింది. దాన్ని పుట్టించిన డో క్వాన్ 2025 ఆగస్టులో న్యూయార్క్ కోర్టులో మోసం చేసినట్టు ఒప్పుకున్నాడు. ఆయన ఒప్పుకుంటే మా చిన్నమ్మకు ఏమొస్తుంది? ఆమె రెండేళ్ళు పత్తి ఏరడానికి పోయి వాయిదాలు కట్టింది. "ఫోన్లో పోయినాయంట" అని మాత్రమే ఆమెకు తెలుసు. ఎలా పోయాయో ఎవరూ చెప్పలేదు. అప్పుడు హాస్టల్లో ఉన్న చిన్నోడికి అసలు విషయమే తెలీదు.

నా నలభై వేలూ అదే ఏడాది మూడువేలయ్యాయి. కానీ నాకు పోయింది జీతంలో ఒక ముక్క. చిన్నమ్మకు పోయింది రెండేళ్ళు. ఒకటే సలహా, ఒకటే మార్కెట్టు, కట్టిన ధర మాత్రం వేరు. పెద్దోణ్ణి అడిగి, వాడు "రాయన్నా" అన్నాకే ఇది రాస్తున్నా.

రోజుకు ఐదునూర్లు అంటే ఎంత వడ్డీ?

పదివేలకు రోజుకు 500. అంటే రోజుకు నూటికి ఐదు.

మన ఊళ్ళల్లో రెండు రూపాయల వడ్డీ అంటే ఫరవాలేదంటాం. మూడు రూపాయలంటే మొహం చిట్లిస్తాం. పది రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణి రక్తం తాగేవాడంటాం. ఇదంతా నెలకు లెక్క. మనోడు అడుగుతున్నది రోజుకు ఐదు రూపాయలు, నెలకు నూటయాభై రూపాయల వడ్డీ! ఏ వడ్డీ వ్యాపారీ కలలో కూడా అడగని రేటు, "చాలు" అనే మాటతో కలిపి అడుగుతున్నాడు.

ఇంకో లెక్క. రోజుకు 5 శాతం నిజంగా వచ్చి, దాన్ని కదపకుండా మళ్ళీ పెడుతూ పోతే, మూడు వందల రోజుల్లో ఆ పదివేలు రెండువేల రెండు వందల కోట్లు దాటుతాయి. నమ్మకపోతే 1.05ని మూడు వందల సార్లు గుణించి చూడండి. పత్తికొండలో కూర్చుని ఫోన్లో ఇది చేయగలిగితే ప్రపంచంలో ఎవరూ ఇంకో పని చేయరు.

సరే, అత్యాశ వదిలేద్దాం. మనోడు నిజంగా తెలివైనవాడు, ఖర్చులన్నీ పోను ఏడాదికి 20 శాతం సంపాదించాడు అనుకుందాం. ఎన్నో ఏళ్ళు అలా నిలకడగా తెచ్చేవాళ్ళు ప్రపంచంలోనే తక్కువ. అయినా పదివేల మీద 20 శాతం అంటే ఏడాదికి రెండువేలు, నెలకు 167 రూపాయలు. రాత్రీపగలూ ఫోను చూసుకుంటూ నెలకు 167! పత్తి ఏరే కూలి ఒక్క రోజుకు ఇంతకన్నా ఎక్కువ.

చెప్పొచ్చేదేమిటంటే, జాగ్రత్తగా చేస్తే చిన్న మొత్తం మీద ఆదాయం అనేదే ఉండదు. ఆదాయం కనపడాలంటే జాగ్రత్త వదిలేసి జూదం ఆడాలి. "తక్కువ డబ్బుతో మొదలుపెట్టండి" అని చెప్పేవాడికి ఇది బాగా తెలుసు. నువ్వు మొదటి నెలలోనే విసిగిపోయి రెండో దారి పడతావనీ వాడికి తెలుసు.

జొన్నగిరి వజ్రాలు

కర్నూలు జిల్లా వాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చుట్టుపక్కల చేలల్లో జనం వాలిపోతారు. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలతాయి, వాటిల్లో వజ్రం ఉండొచ్చని. ఇక్కడి వాళ్ళే కాదు, అనంతపురం నుంచి, బళ్ళారి నుంచి, తెలంగాణ నుంచి కూడా వస్తారు. పిల్లాపాపలతో, సద్దిమూటలతో, వంచిన నడుము ఎత్తకుండా రోజుల తరబడి వెతుకుతారు.

ఎవరికో ఒకరికి దొరుకుతుంది. మర్నాడు పేపర్లో వస్తుంది, ఫలానా ఊళ్ళో కూలీకి వజ్రం దొరికింది, లక్షలకు అమ్ముడుపోయింది అని. దొరకని వేలమంది గురించి పేపర్లో రాయరు. "తుగ్గలిలో నాలుగు రోజులు వెతికి, ఏమీ దొరక్క, బస్సు ఛార్జీలు దండగై, నడుంనొప్పితో ఇంటికొచ్చిన వ్యక్తి" అని వార్త ఎవరైనా వేస్తారా? వెయ్యరు. అందుకే వచ్చే ఏడాది జనం ఇంకా పెరుగుతారు.

అక్కడ ఖాయంగా సంపాదించేది ఎవరయ్యా అంటే, రాయి విలువ తెలిసి తక్కువకు కొనే వ్యాపారి, చేను గట్టు మీద టిఫిన్ అమ్మేవాడు, ఆటోవాడు. వీళ్ళెవరూ నడుము వంచరు.

క్రిప్టో ట్రేడింగ్ కూడా అచ్చం ఇదే, ఒక్క తేడాతో. జొన్నగిరిలో ఏమీ దొరకనివాడు ఉత్త చేతులతో ఇంటికొస్తాడు. ఇక్కడ ఏమీ దొరకనివాడు జేబు కూడా పోగొట్టుకుని వస్తాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడం ఇంకా నయం, కనీసం ఎలుకైనా మిగులుతుంది :)

గెలిచినా ఓడే లెక్క

లాభనష్టాలు పక్కన పెట్టండి. మన దేశంలో దీనికి పన్ను ఎలా ఉందో పార్ట్ టైం గురువులు ఎవరూ చెప్పరు. 2022 బడ్జెట్టులో పెట్టిన నియమాలివి.

1. లాభం మీద 30 శాతం పన్ను, పైన 4 శాతం సెస్సు. నీకు ఉద్యోగం లేకపోయినా, వేరే ఆదాయం పైసా లేకపోయినా అదే రేటు. మామూలు ఆదాయానికి ఉండే కనీస మినహాయింపు దీనికి వర్తించదు.

2. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాంట్లో వచ్చిన లాభంలోంచి తీసేయడానికి లేదు. వచ్చే ఏడాదికి మోసుకెళ్ళడానికీ లేదు.

3. అమ్మిన ప్రతిసారీ, లాభమొచ్చినా నష్టమొచ్చినా, అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్. ఇది 2022 జూలై 1 నుంచి.

రెండో నియమం ఎంత ఘోరమో చూడండి. పది ట్రేడ్లు చేశావు. ఐదింట్లో వెయ్యి చొప్పున వచ్చింది, ఐదింట్లో వెయ్యి చొప్పున పోయింది. చేతికి మిగిలింది సున్నా. కానీ పన్ను మాత్రం ఆ వచ్చిన ఐదువేల మీద, 1,560 రూపాయలు. సున్నా సంపాదనకు 1,560 పన్ను! సగం సార్లు గెలిచినవాడి గతి ఇది.

ఇప్పుడు మూడోది. ఎంతైనా ప్రోగ్రామర్ని కదా, ఒక లూపు రాసి చూశాను. పదివేలతో మొదలుపెట్టు. కొను, అదే ధరకు అమ్ము, 1 శాతం పట్టుకుంటారు. మిగిలిన దాంతో మళ్ళీ కొను, అమ్ము. ఇలా వందసార్లు. ధర పైసా కూడా కదలకపోయినా చివరికి నీ చేతిలో ఉండేది సుమారు 3,660. మిగతా 6,340 ఆదాయపు పన్ను శాఖ దగ్గర ఉంటుంది. రిటర్ను దాఖలు చేస్తే నీకొచ్చే పన్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలితే తిరిగొస్తుంది. మంచిదే. కానీ ఇంటిపట్టున ఉన్న కుర్రాళ్ళల్లో రిటర్ను వేసేవాళ్ళు ఎంతమంది? పైగా ఈ లోపల ట్రేడింగ్ దేంతో చేస్తావు?

దీనికి ఎక్స్ఛేంజి ఫీజు కలపండి. కొన్నప్పుడు 0.2, అమ్మినప్పుడు 0.2 శాతం అనుకుందాం, దాని మీద 18 శాతం జీఎస్టీ. చూడ్డానికి చిల్లర. వందసార్లు తిప్పితే ఈ చిల్లరే నీ డబ్బులో మూడో వంతు పైగా తినేస్తుంది. ఇది తిరిగొచ్చేది కూడా కాదు, పన్ను లెక్కలో ఖర్చు కింద చూపించుకోవడానికీ వీల్లేదు.

కర్నూలు యార్డులో ఉల్లిగడ్డ అమ్మిన ఏ రైతునైనా అడగండి, ఈ లెక్క నాకన్నా బాగా చెప్తాడు. రేటు పెరిగినా తరిగినా కమీషన్ ఏజెంటు కమీషన్ మాత్రం ఆగదు. 2025లో ఉల్లి ధర ఎంత పడిపోయిందంటే, ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటాలు 1,200కు కొనాల్సి వచ్చింది. పత్తికొండ టమోటా సంగతి చెప్పనే అక్కర్లేదు, రోడ్డు మీద పారబోసిన ఫోటోలు ప్రతి రెండేళ్ళకోసారి చూస్తూనే ఉన్నాం. ధర ఊగిసలాట అంటే ఏమిటో మన ఇళ్ళల్లో తెలియనివాళ్ళు లేరు. ఆ ఊగిసలాటకు భయపడే మన నాయనలు మనల్ని బీటెక్ చదివించారు. మనమేమో అదే ఊగిసలాటను ఫోన్లో వెతుక్కుంటున్నాం. హతవిధీ!

అవతల ఎవరున్నారో తెలుసా?

నువ్వు ఒక కాయిన్ కొన్నావంటే దాన్ని ఎవడో అమ్మాడన్నమాట. వాడెవడు? నీలాగే డోన్ బస్టాండులో కూర్చున్న ఇంకో కుర్రాడు అయ్యుండొచ్చు. కానీ చాలాసార్లు అక్కడ ఉండేది ఒక ప్రోగ్రాము. నాలాంటి వాళ్ళే, నాకన్నా పది రెట్లు తెలివైన వాళ్ళు, రాసిన ప్రోగ్రాము. అది ఎక్స్ఛేంజి సర్వరు దగ్గర్లోనే నడుస్తుంటుంది. సెకనులో వెయ్యో వంతు కాలంలో ఆర్డరు పెట్టి, మార్చి, తీసేస్తుంది. అది నిద్రపోదు, దానికి భయం లేదు, ఆశ లేదు. నువ్వేమో సిగ్నల్ ఒక గీత ఉన్న ఫోను పట్టుకుని, యూట్యూబులో చూసిన రెండు గీతలు కలిశాయని కొంటావు.

షేరు మార్కెట్టు మధ్యాహ్నం మూడున్నరకు మూస్తారు, శని ఆదివారాలు సెలవు. క్రిప్టోకు సెలవే లేదు. నువ్వు పార్ట్ టైం, అవతలిది ఫుల్ టైం కన్నా ఎక్కువ. ఇది పోటీయేనా?

"ఇవన్నీ నీ ఊహలు" అనేవాళ్ళకు కొన్ని అంకెలు. మన షేరు మార్కెట్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనం లెక్కను సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టింది. మూడేళ్ళలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల పైన. ఆడేవాళ్ళలో ముప్పావు వంతు మంది ఏడాది ఆదాయం ఐదు లక్షల లోపు. ఇదంతా సెబీ కళ్ళముందు, నియమాలున్న మార్కెట్లో. క్రిప్టో సెబీ పరిధిలో కూడా లేదు, మనవాళ్ళకు ఎంత పోయిందో అలా లెక్కపెట్టి చెప్పేవాళ్ళూ లేరు. ప్రపంచవ్యాప్తంగా అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు వాళ్ళు 2022లో ఒక అంచనా వేశారు. బిట్‌కాయిన్ కోసం యాప్‌లలో చేరిన మామూలు జనంలో 73 నుంచి 81 శాతం మంది నష్టపోయి ఉంటారని. బ్రెజిల్‌లో రోజువారీ ట్రేడింగును మూడొందల రోజులకు పైగా పట్టు వదలకుండా చేసినవాళ్ళ లెక్క తీస్తే 97 శాతం మందికి నష్టమే. "అనుభవం వస్తే లాభాలొస్తాయి" అనే మాటకు అదే సమాధానం.

టీడీఎస్ తప్పించుకునే దారి

ఇక్కడే అసలు ఉచ్చు ఉంది. "టీడీఎస్ గొడవ ఉండకూడదంటే ఫ్యూచర్స్ చెయ్యి బ్రో, పదివేలతో రెండు లక్షల పొజిషన్ తీసుకోవచ్చు" అని చెప్తారు. ఇరవై రెట్ల లెవరేజి. వినడానికి ఎంత బాగుందో!

ఇరవై రెట్లు అంటే ధర నీకు వ్యతిరేకంగా 5 శాతం కదిలితే నీ పదివేలూ పోయినట్టే. నిజానికి ఐదు కాకముందే ఎక్స్ఛేంజి నీ పొజిషన్ మూసేస్తుంది. బిట్‌కాయిన్‌కు 5 శాతం కదలడం ఒక పూట పని. చిన్న కాయిన్లకు టీ తాగొచ్చే లోపు పని. 2025 అక్టోబరు 10న, చైనా మీద సుంకాలు పెంచుతానని ట్రంప్ ఒక ప్రకటన చేస్తే, ఒక్క రోజు వ్యవధిలో 1,900 కోట్ల డాలర్లకు పైగా విలువైన పొజిషన్లు ఇలా మూసుకుపోయాయి. అందులో ఎంతమందికి తమ అంచనా చివరికి నిజమైందో! కానీ నిజమయ్యేదాకా ఆగడానికి వాళ్ళ డబ్బు మిగల్లేదు.

ఆశ లావు, పీక సన్నం అని ఊరికే అన్లేదు పెద్దలు. లెవరేజి అంటే ఆ సామెతకు యాప్ తయారుచేయడమే.

జేజి ప్రశ్న

"అవి యాడుండాయి నాయనా, బ్యాంకులోనా?"

లేదు జేజీ. బ్యాంకులో ఉంటే, బ్యాంకు మునిగినా ఐదు లక్షల దాకా బీమా ఉంటుంది. ఇక్కడ అదేమీ లేదు. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజి నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు దొంగలు ఎత్తుకుపోయారు. మన డబ్బుల్లో దాదాపు రెండువేల కోట్లు. ఉత్తర కొరియా వాళ్ళ పని అని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా కలిసి ప్రకటించాయి. కాయిన్లు బయటికి తీసుకోవడం ఆపేశారు. వ్యవహారం సింగపూర్ కోర్టుకెళ్ళింది. మళ్ళీ తలుపులు తెరిచింది 2025 అక్టోబరులో. పదిహేను నెలలు! ఆ పదిహేను నెలల్లో ఎవరింట్లో పెళ్ళి ఉందో, ఎవరికి కాలేజీ ఫీజు కట్టాలో... ఏడాది తర్వాత, 2025 జూలైలో, కాయిన్‌డీసీఎక్స్‌లోనూ 4.4 కోట్ల డాలర్లు పోయాయి. ఆ నష్టం తన నిధుల్లోంచే భరిస్తానని ఆ కంపెనీ ప్రకటించింది కాబట్టి జనం ఊపిరి పీల్చుకున్నారు.

అగ్రిగోల్డ్ గుర్తుందా? అది మునిగినప్పుడు మన జిల్లాల్లో ఏడవని ఊరు లేదు. అయినా అక్కడ ఆఫీసు ఉంది, భూములున్నాయి, ధర్నా చేయడానికి కలెక్టరేటు ఉంది. ఏళ్ళ తరబడి అరిస్తే 2019లో పదివేల లోపు వాళ్ళకు, 2021లో ఇరవై వేల లోపు వాళ్ళకు ప్రభుత్వం ఎంతో కొంత ఇచ్చింది. క్రిప్టోలో పోతే ఏ కలెక్టరేటు ముందు కూర్చుంటావు? ప్యాంగ్యాంగ్ కలెక్టరేటు ముందా?

ఇంకో ప్రమాదం ఉంది, ఇది కుర్రాళ్ళు అస్సలు పట్టించుకోరు. ఎక్స్ఛేంజితో పని లేకుండా మనిషికి మనిషే అమ్ముకోవడం, అదే పీటూపీ. రూపాయి ఎక్కువిస్తానంటే ఎవడికో యూఎస్‌డీటీ అమ్ముతావు, నీ ఖాతాలో డబ్బు పడుతుంది. ఆ డబ్బు ఎక్కడో ఒక పెద్దాయనను డిజిటల్ అరెస్టు అని బెదిరించి లాక్కున్నది అయితే? ఆ ఊరి పోలీసులు నీ ఖాతా స్తంభింపజేస్తారు. నువ్వు దొంగవు కాదని నిరూపించుకోవడానికి భాష తెలియని రాష్ట్రానికి ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోవాలి. ఇక "నీ ఖాతా కొన్ని రోజులు వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తా" అని ఎవడైనా అంటే, వాడు నిన్ను జైలుకు పంపడానికి బేరమాడుతున్నాడని అర్థం. ఎవరైనా ఇప్పటికే మోసపోయి ఉంటే గంట కూడా ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. సిగ్గుపడి ఆలోచిస్తూ కూర్చుంటే డబ్బు దేశం దాటేస్తుంది.

"మరి పనేదన్నా?"

ఇదీ అసలు ప్రశ్న. దీన్ని దాటేస్తే నా అంత దొంగ ఇంకోడుండడు.

కడప ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మళ్ళీ ఒకసారి కొబ్బరికాయ కొట్టారు. ఉక్కు సంగతేమో గానీ కొబ్బరికాయలు మాత్రం బాగా పగిలాయి. బీటెక్ పట్టా చేతికొచ్చాక మనవాడికి ఉన్న దారులు హైదరాబాదు హాస్టలు, బెంగుళూరు పీజీ, లేదా గ్రూప్స్ కోచింగు. మూడింటికీ డబ్బు కావాలి. ఇంట్లో అడగాలంటే మొహం చెల్లదు. అలాంటి వాడి చేతిలోని ఫోన్లోకి ఒకడొచ్చి, కారు పక్కన నిలబడి, "నేనూ నీలాగే పల్లెటూరి నుంచి వచ్చా" అంటే వినకుండా ఎలా ఉంటాడు? వాణ్ణి నేను తప్పుపట్టను. నా కోపం కారు పక్కన నిలబడ్డవాడి మీద.

ఆ కారు ట్రేడింగులో రాలేదు. నువ్వు వాడి లింకు నొక్కి ఖాతా తెరిస్తే వాడికి కమీషన్. నువ్వు ట్రేడ్ చేసిన ప్రతిసారీ నీ ఫీజులో వాడికి వాటా. నువ్వు గెలిచావా ఓడావా వాడికి అనవసరం, ఎక్కువసార్లు తిప్పితే చాలు. ఇది చాలక 999కి కోర్సు, నెలకు ఇంత అని టెలిగ్రామ్ గ్రూపు. జొన్నగిరిలో చేను గట్టు మీద టిఫిన్ అమ్మేవాడు కనీసం వేడి ఇడ్లీ పెడతాడు. వీడు అదీ పెట్టడు.

"బిట్‌కాయిన్ అప్పట్లో కొనుంటే ఈపాటికి కోటీశ్వరులం కదా" అని ఎవరో తప్పకుండా అంటారు. నిజమే కావచ్చు. కానీ కొని పదేళ్ళు మర్చిపోవడం వేరు, రోజుకు ఐదునూర్ల కోసం పొద్దునా సాయంత్రం తిప్పడం వేరు. మొదటిది నీ సొంత డబ్బుతో, పోయినా ఏడవనంత డబ్బుతో చేస్తానంటే నేను అడ్డుపడను. రెండోదాన్ని మాత్రం సంపాదన అని పిలవకు.

మరి పదివేలు ఏం చేయాలి? నా దగ్గర మంత్రమేమీ లేదు. ఐదువేలు అమ్మ చేతిలో పెట్టు, లేదా పోస్టాఫీసులో నెలకు వందతో కూడా ఆర్‌డీ కట్టొచ్చు, అది కట్టు. మిగతా ఐదువేలతో హైదరాబాదుకు రెండు మూడుసార్లు ఇంటర్వ్యూలకు వచ్చి పోవచ్చు. ఉండటానికి నా రూముంది. ట్రేడింగుకు పెడదామనుకున్న రోజుకు మూడు గంటలు నాకివ్వు, నాకొచ్చిందేదో ఆర్నెల్లు నేర్పిస్తా. ఇందులో ఉద్యోగం గ్యారంటీ లేదు. కానీ పోవడానికి కూడా ఏమీ లేదు.

సాయంత్రం వాడికి ఫోను చేసి ఇదంతా చదివి వినిపించా. లూనా దగ్గరికొచ్చేసరికి ఆపమన్నాడు.

"అన్న ఎంత పోగొట్టినాడు?"

"అరవై వేలు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అందుకేనా అమ్మ ఆ రెండేండ్లు పత్తికి పోయింది? నా ఫీజుకేమో అనుకుంటి" అన్నాడు.

నేను చెప్పాలనుకున్నది అంతా అయిపోయింది గానీ, మీకో విన్నపం. మనమంతా గెలిచినప్పుడు ఫోను తీసి పండగ సభలో చూపిస్తాం, పోయినప్పుడు జేబులో పెట్టుకుని మౌనంగా ఉంటాం. మన తమ్ముళ్ళకు కనపడేది ఆ చూపించిన ఫోనే. ఆ గురువులకు మనం ఊరికే చేసిపెడుతున్న ప్రచారం ఇదే. మీ ఇంట్లోనూ ఇలాంటి ఫోను వస్తుంది, ఇవాళ కాకపోతే రేపు. "వద్దు" అని ఊరుకోకండి. మీకు ఎంత పోయిందో, అది ఎవరు కట్టారో అంకెతో సహా చెప్పండి.

నాది నలభై వేలు, మా ఇంటిది అరవై వేలు. నేను చెప్పేశాను.